పసుపు తోకల పెద్దాయన

మొన్న ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో భోజనం చేస్తూ ఫోన్ చూస్తుంటే ఒక లైవ్ తగిలింది. చల్లపల్లి అవతల ఒక ఊరి తిరునాళ్ళు, ఎడ్ల బండలాగుడు పోటీ. మైకులో చెప్పేవాడు గొంతు చించుకుంటున్నాడు. ఈలలు, దుమ్ము. మామూలుగా అయితే పైకి తోసేసేదాన్నే. ఎద్దులు అటు తిరిగినప్పుడు తోకలు కనిపించాయి. రెండు తోకలూ మొదట్నుంచి కుచ్చు దాకా పసుపు.

కింద కామెంట్లలో ఎవరో అడిగారు: "బ్రో, తోకలకి ఆ పసుపేంటి, దిష్టికా?"

ఇంకెవరో జవాబిచ్చారు: "దిష్టికి కాదు బ్రో, మా ఊరి పెద్దాయన పెట్టిన రూలు. ఆయన మొన్న కార్తీకంలో పోయారు."

ఆయన పోయిన సంగతి నాకు అలా తెలిసింది. పెరుగు వడ్డించే అతను రెండుసార్లు అడిగితేగానీ నాకు వినపడలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. నేనెప్పుడూ పేరుతో పిలవలేదు కూడా. నా ఫోన్లో 'పసుపు తాతగారు' అని ఉంటుంది. ఇంకా తీసెయ్యలేదు.

లా పూర్తయిన కొత్తలో గవర్నరుపేటలో ఒక సీనియర్ దగ్గర జూనియర్‌గా చేరా. మా సీనియర్ దగ్గరికి పల్లెటూళ్ళ ఫైళ్ళు బాగా వచ్చేవి. తిరునాళ్ళ ముందు వచ్చేవి ఎడ్ల పందేల ఫైళ్ళు. పందెం ఆడించుకోవడానికి పర్మిషన్ కావాలని కోర్టుకి వెళ్ళాలి. ఎద్దుల్ని కొట్టం, పొడవం, పడిపోతే లాగించం, డాక్టరు లేకుండా మొదలుపెట్టం అని హామీపత్రం ఇవ్వాలి. అందులో సంతకం పెట్టినవాడిదే బాధ్యత. ఏదన్నా తేడా వస్తే కేసు ఆ మనిషి మీదే, పైగా ఆ ఊరికి మళ్ళీ పర్మిషన్ రావడం కష్టం. అందుకే లైవ్‌లో చూసిన ఆ ఊరి కమిటీలో ఒకాయనకి బీపీ వచ్చింది, ఇంకొకాయనకి షుగరొచ్చింది, ప్రెసిడెంటు గారికి కూతురి కాన్పు వచ్చింది. చివరికి ఈ పెద్దాయన్ని బస్సెక్కించారు.

ఆయనొచ్చిన రోజు నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజు నేను అరిచా.

డెబ్బై దాటిన మనిషి. తెల్ల పంచె, మోచేతుల దాకా మడిచిన చొక్కా. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు. కాఫీ అంటే వద్దన్నాడు, వేణ్ణీళ్ళు ఉంటే ఇమ్మన్నాడు. నేను కాగితాలు ముందుకు తోసి, "ఇక్కడ సంతకం పెట్టండి తాతగారూ" అన్నా, కళ్ళు ఫోన్లోంచి తియ్యకుండానే.

"చదువు," అన్నాడు.

"చదవడానికేం లేదండి. మామూలు ఫార్మాటే."

"ఫార్మాటో గీర్మాటో, కింద ఉండేది నా పేరు. చదువమ్మా."

చదివా. పదకొండు షరతులు. నాలుగోదాని దగ్గర చెయ్యెత్తి ఆపాడు. అందులో ఎడ్ల తోకలు మెలిపెట్టడం, కొరకడం చెయ్యబోమని ఉంది.

"ఇది రాసినాయనెవరోగానీ, ఎద్దుల్ని తోలినోడే," అన్నాడు.

"ఎవరో లాయరు గారు రాసుంటారండి. ఆయనెందుకు తోలతారు?"

"మరి తోక కొరుకుతారని ఆయనకెట్టా తెలిసింది? తోలినోడికి తప్ప తెలీదే!"

నేను ఫోన్ పక్కన పెట్టా. "నిజంగా కొరుకుతారా?"

పై పెదవి ఎత్తి చూపించాడు. ముందు పళ్ళు రెండు లేవు. "వయసులో ఉన్నప్పుడు కొరికా. ఒకసారి కాదు. చివరిసారి కొరికినప్పుడు అది గిట్టతో నాకు సమాధానం చెప్పింది."

ఆ ముందు వారమే నేను మూగజీవాల్ని హింసించి పండగేంటని స్టేటస్ పెట్టా. సీనియర్ ఫైలు ఇచ్చాడు కాబట్టి చేస్తున్నాగానీ లోపల మంటగానే ఉంది. అది బయటికొచ్చేసింది. "ఇంత చేసి దేవుడి పేరు చెప్పుకుని పర్మిషన్ కావాలా మీకు? కొంచెమన్నా సిగ్గుండాలి!"

లోపలి గదిలోంచి సీనియర్, "ఏంటా అరుపులు?" అన్నాడు.

"ఏం లేదు లెండి," అన్నాడు పెద్దాయన. "రెండు పళ్ళ దూడ. కాడికి కొత్త."

ఎద్దుల వయసు పళ్ళతో లెక్కేస్తారు. రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, అలా పందెంలో విభాగాలు కూడా ఉంటాయి. ఆయన మనుషుల్నీ అలాగే లెక్కేసేవాడు. మాట్లాడేవాళ్ళ కళ్ళలోకి చూడడు, నోట్లోకి చూస్తాడు. "మీ సీనియరు గారు పళ్ళు నిండిన మనిషమ్మా, తొందరపడడు" అనేవాడు. ఫలానా ఆఫీసరు ఎలా ఉన్నాడండీ అంటే, "నాలుగు పళ్ళాయన, ఇంకా కొమ్ము విసురుతున్నాడు" అనేవాడు. నేను మాత్రం చివరి దాకా రెండు పళ్ళ దగ్గరే ఆగిపోయా.

ఆ రోజు ఆయన సంతకం పెట్టలేదు.

"అందరూ పెడతారండీ," అన్నా, కొంచెం తగ్గి. "వేరే ఊళ్ళ వాళ్ళు చదవకుండానే పెట్టేశారు."

"తోకలు ముట్టుకోరని నాకు నమ్మకం లేదు. నమ్మకం లేనిదాని కింద నేను పెట్టలేనమ్మా."

"మరి పందెం?"

వేణ్ణీళ్ళు తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, చల్లపల్లి బస్సుకి వెళ్ళిపోయాడు.

రెండు రోజుల తర్వాత మళ్ళీ వచ్చాడు, చేతిలో న్యూస్‌పేపరు పొట్లంతో. మూలనున్న చీపురు తెచ్చాడు. పొట్లంలో నూనెతో ముద్దగా కలిపిన పసుపుంది. చీపురు కొసకి దాన్ని దట్టంగా పట్టించాడు. చేతులు సబ్బుతో కడుక్కుని తుడుచుకుని వచ్చి, చీపురు నా ముందు పెట్టి, "ఇది తోకనుకో. పట్టుకుని మెలిపెట్టు" అన్నాడు.

"నేనెందుకండీ?"

"సిగ్గుండాలన్నావుగా. పట్టుకో."

పట్టుకుని తిప్పా. నా అరచెయ్యంతా పసుపు. రెండు రోజులు పోలేదు. ఫోన్ కవరుకి అంటినది ఆ ఫోన్ మార్చేదాకా అలాగే ఉంది.

"అయిపోయింది," అన్నాడు. "ప్రతి జతకీ బరిలోకి దిగేముందు తోకలకి పసుపు పట్టిస్తా. దిగొచ్చాక తోలినోళ్ళ చేతులు చూస్తా. పసుపుంటే ఆ జత అవుటు. ఇది పన్నెండో షరతుగా రాయండి."

మా సీనియర్ నవ్వాడు. "కోర్టు అడక్కుండా మనంతట మనమే ఇంకో షరతు రాసివ్వడమేంటి పెద్దాయనా? ఉన్న పదకొండూ చాలవా?"

"ఆ నాలుగోది నిజం కావాలంటే ఈ పన్నెండోది ఉండాలండి. నాకు చదువు లేదు. నేను రాయగలిగింది ఆ సంతకం ఒక్కటే. దాని పైన అబద్ధం ఉండకూడదు."

రాశాం. కాగితం బల్ల మీద పెడితే చెప్పులు విడిచి పక్కన పెట్టి, నిలబడి, ఒక్కో అక్షరానికీ పెదాలు కదుపుతూ సంతకం పెట్టాడు. ఆయన మూడుసార్లు మా ఆఫీసుకొచ్చి సంతకాలు పెట్టాడు, మూడుసార్లూ చెప్పులు విడిచాడు.

కొన్నాళ్ళకి పర్మిషన్ వచ్చింది. పన్నెండు షరతులూ ఆర్డర్లో ఉన్నాయి. మొదటి జత నుంచి చివరి జత దాకా ఆపకుండా వీడియో తీసి రిపోర్టుతో పాటు ఇవ్వాలని కూడా అందులో ఉంది. మర్నాడు పొద్దున్నే ఆయన మిస్డ్ కాల్ వచ్చింది. ఆయన రెండు రింగులిచ్చి కట్ చేస్తే మామూలు పని, మూడిస్తే తొందర పని. ఆ రోజు మూడు. తిరిగి చేశా.

"వీడియోకి నువ్వు రావాలమ్మా," అన్నాడు.

"నేనా? మీ ఊళ్ళో ఫొటోగ్రాఫరే లేడా?"

"ఉన్నాడు. వాళ్ళ బావమరిది జత కూడా ఉంది. ఊరితో చుట్టరికం లేని కళ్ళు కావాలి. ఎట్టాగూ నీ చేతిలోంచి ఆ ఫోను దిగదుగా, దానికీ ఒక పని ఉంటది."

పందెం రోజు కూచిపూడి మీదుగా బస్సులో వెళ్ళా. మినుము పీకేసిన చేలో బరి. చుట్టూ కర్రలు పాతి తాడు కట్టారు. బండలాగుడంటే, పెద్ద రాతిబండకి ఎడ్ల జతని కడతారు. ఇచ్చిన టైములో ఎవరి జత ఎక్కువ దూరం లాగితే వాళ్ళు గెలిచినట్టు. వెనకాల ఇద్దరు ముగ్గురు అదిలిస్తూ తోలతారు. పెద్దాయన ఇత్తడి గిన్నెలో పసుపు పట్టుకుని తాడు లోపల నిలబడ్డాడు. నన్ను చూసి ముందు ఫోన్ చూశాడు, తర్వాత దానికి తగిలించిన పవర్ బ్యాంక్ చూశాడు.

"మేత వెంట తెచ్చావే!" అన్నాడు.

ఛార్జింగ్‌ని ఆయన మేత అనేవాడు. ఆఫీసులో నేను ఫోన్ ఛార్జింగ్ పెడుతుంటే, "మేస్తోందా? కదిలించకు" అనేవాడు.

ఆ పొద్దున ఆయన చేసిన పని ఇదే. జత వస్తుంది. ముందు పశువుల డాక్టరు గారు చూసి సరే అంటారు. పెద్దాయన ఎద్దు వీపు నిమిరి, అరచేత్తో పసుపు తీసి, తోక మొదట్నుంచి కొస దాకా పట్టించేవాడు. తోలేవాళ్ళ చేతుల్లో కర్ర ఉంటే తీసి బయటికి విసిరేవాడు. జత బండ లాగి వచ్చాక వాళ్ళెదురుగా నిలబడి, "చెయ్యి చూపించు" అనేవాడు.

తోలేవాళ్ళు ఊరుకుంటారా? "ఏంది పెద్దాయనా, పెళ్ళికొడుకుల్ని చేస్తన్నావా మమ్మల్ని?" అని ఒకడు. చేతికి తువ్వాలు చుట్టుకొచ్చాడు ఇంకొకడు. "తువ్వాలూ చూపించు" అన్నాడు పెద్దాయన. తువ్వాలు పసుపు, జత అవుటు. వాడు నా ఫోన్ వైపు తిరిగి ఏదో అనబోతే, "నోరు కూడా తెరువు" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. తర్వాత జతలో ఒకడు అడక్కుండానే నోరు తెరిచి, "ఇది నా పళ్ళ రంగే పెద్దాయనా, పుట్టిన కాడి నుంచీ ఇంతే!" అన్నాడు. అప్పుడు మాత్రం ఆయన కూడా నవ్వాడు, ముందు పళ్ళ ఖాళీ కనపడేలా.

మధ్యాహ్నానికి నాలుగు జతలు అవుటు. ఆ తర్వాత మిగతావాళ్ళు అరుపులతో, చప్పట్లతోనే తోలడం మొదలుపెట్టారు. ఎద్దులు బాగానే లాగాయి. నాకు నచ్చిందని చెప్పను. ఎండలో ఆ బండ బరువు చూస్తే నాకిప్పటికీ కష్టంగానే ఉంటుంది. కానీ వీడియోలో ఒక్క దెబ్బ కూడా లేదు.

చివరి జత ఆయనదే. దూడలప్పటి నుంచీ ఆయన పెంచినవి. తోలేది ఆయన తమ్ముడి కొడుకు. వాటి తోకలకీ ఆయనే పసుపు పట్టించాడు, మిగతావాటికంటే ఇంకాస్త ఎక్కువే. గిన్నె పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అప్పటిదాకా మొదటి స్థానంలో ఉన్న జత ఆగిన చోట ఒక ఎర్రగుడ్డ జెండా పాతారు. టైము అయిపోవస్తోంది, జెండా ఇంకో పది అడుగుల్లో ఉంది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లిన చోట ఎడమ పక్క ఎద్దు కాలు జారింది. ముందు మోకాళ్ళ మీద పడిపోయింది. కాడి ఆ పక్కకి ఒరిగి మెడ మెలిపడింది.

"పెదనాన్నా!" అని అరిచాడు తమ్ముడి కొడుకు.

ఎద్దు పడితే వెంటనే కాడి విప్పాలి. అది ఏడో షరతు. విప్పితే ఆ జత పందెం అక్కడితో అయిపోతుంది. డాక్టరు గారు కుర్చీలోంచి లేవబోయారు. ఆయన లేచేలోపే ఇత్తడి గిన్నె ఎగిరి పడింది. పెద్దాయన వెళ్ళి ఎద్దు తోక రెండు చేతుల్తో పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. ఎద్దు ఒక అరుపు అరిచి లేచింది. రెండోది కూడా అదురుకుని ముందుకి దూకింది. బండ కదిలింది, జెండా దాటింది, విజిల్ పడింది.

జనం తాళ్ళు తోసుకుని లోపలికొచ్చేశారు. తమ్ముడి కొడుకు రెండు చేతులూ పైకెత్తి అందరికీ చూపిస్తున్నాడు. శుభ్రంగా ఉన్నాయి. కమిటీ ప్రెసిడెంటు గారు షీల్డు తెమ్మని మైకులో అరుస్తున్నారు. నా ఫోన్ తీస్తూనే ఉంది. పెద్దాయన ఒక్కడే జెండాకి ఇవతల నిలబడి తన అరచేతులు చూసుకుంటున్నాడు.

అవి పొద్దున్నుంచీ పసుపే. ప్రతి తోకకీ ఆ చేతుల్తోనే పట్టించాడుగా. అన్నీ ఆలోచించి పెట్టిన షరతులో ఆయన తన చేతుల సంగతే మర్చిపోయాడు. ఆ పసుపు చూసి ఏది పట్టించినదో ఏది మెలిపెట్టినదో ఎవరూ చెప్పలేరు.

ఆయన మైకు దగ్గరికెళ్ళి, "మా జత అవుటు" అన్నాడు.

ప్రెసిడెంటు గారు మైకుకి చెయ్యడ్డం పెట్టి, "ఏం మాట్లాడుతున్నావు? నీ చేతికి పసుపు పొద్దున్నుంచీ ఉంది. ఆ చెయ్యి లెక్కలోకి రాదు" అన్నారు.

రెండో స్థానంలోకి దిగిపోయిన జత ఆసామి కూడా అక్కడే ఉన్నాడు. ఆయనే ముందు గొడవ చేస్తాడనుకున్నా. "పడ్డ ఎద్దుని లేపావు, అంతేగా పెద్దాయనా," అన్నాడు. "ఎవడున్నా అదే చేస్తాడు."

"కాగితంలో 'అంతేగా' లేదు," అన్నాడు పెద్దాయన.

ప్రెసిడెంటు గారు నా వైపు తిరిగారు. "అమ్మా, ఆ కాస్త ముక్క వీడియోలో లేకుండా చూడండమ్మా. సంతకం పెట్టినాయనే తోక పట్టుకున్నాడంటే వచ్చే ఏడు మా ఊరికి పర్మిషనే ఉండదు."

నిజం చెప్పాలంటే, ఆయన అడక్కముందే నేనూ అదే అనుకున్నా. పొద్దున్నుంచీ ఆ మనిషి చేసిందంతా చూశాక, ఆ రెండు సెకన్ల కోసం ఊరంతా మునగడం నాకు అన్యాయంగా అనిపించింది. పెద్దాయన్ని పక్కకి లాగి, "ఫోన్ వేడెక్కి ఆగిపోయిందని రాస్తా. మీరేం మాట్లాడకండి" అన్నా.

"ఎక్కడాగింది? ఎర్రచుక్క వెలుగుతానే ఉందిగా."

"అయ్యో తాతగారూ! మీకు అర్థమవుతోందా? విప్పమని అరిస్తే సరిపోయేది కదా మీరు!"

"తెలుసు. తల విప్పమనే అంది. చేతులు వినలేదు. డెబ్బై ఏళ్ళ చేతులమ్మా ఇవి."

"అందుకే చెప్తున్నా, ఎవరూ ఏం అనుకోరు..."

"ఆ రోజు నన్ను సిగ్గుండాలన్నావు," అన్నాడు, కోపం లేకుండా, నా పళ్ళ వైపు చూస్తూ. "ఇయ్యాల దాచేద్దామంటున్నావు. ఎద్దు అదేగా, తోకా అదేగా. నేను నీకు తెలిసినోణ్ణయ్యా, అంతేగదా మారింది?"

నాకు తిక్కరేగింది. "సరే! మీ ఇష్టం! చెప్పండి, మీరే చెప్పండి!" అని ఫోన్ ఆయన మొహానికి ఎదురుగా పెట్టా.

ఆయన చెప్పులు విడిచాడు.

"నా జతలో ఎడమ ఎద్దు పడిపోయింది. నేను తోక పట్టుకుని మెలిపెట్టా. కాడి విప్పాల్సింది, విప్పలా. మా జత అవుటు. తప్పు నాది, ఊరిది కాదు." అరచేతులు రెండూ కెమెరాకి చూపించాడు. "ఇంక చాలు, ఆపు," అన్నాడు.

ప్రెసిడెంటు గారు అక్కడే ఉన్నారు. "నీ ఒక్క సంతకం కోసం ఊరి పందెం పోగొడతావా?"

"సంతకం పోతే నాకు మాత్రం ఏం మిగులుద్దిరా?" అన్నాడు పెద్దాయన. అంతకుముందు ఆయన ప్రెసిడెంటుని 'రా' అనడం నేను వినలేదు. "నాకున్నదీ ఈ ఒక్కటే."

వీడియో మొత్తం ఇచ్చాం. మా సీనియర్ ఆ చివరి ముక్క మూడుసార్లు చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఇలాంటి క్లయింటుతో బతకడం కష్టం" అన్నాడు. తర్వాత పక్క గదిలో వాళ్ళని కూడా పిలిచి చూపించాడు.

ఆ ఏడాదంతా ఊళ్ళో ఆయనతో సరిగ్గా మాట్లాడినవాళ్ళు తక్కువ. ఇది ఆయన చెప్పలేదు, తమ్ముడి కొడుకు చెప్పాడు. టీ కొట్టు దగ్గర ఆయన కూర్చుంటే బెంచీ ఖాళీ అయ్యేదట. నాకు మాత్రం మామూలుగానే మిస్డ్ కాల్స్ వచ్చేవి. రెండు రింగులే. తిరిగి చేస్తే, "ఏం లేదమ్మా, కోర్టు సంగతేమన్నా తెలిసిందా?" అనేవాడు. తెలీదండి అంటే, "సర్లే, ఫోనుకి మేతెయ్యి" అని పెట్టేసేవాడు.

తర్వాతి తిరునాళ్ళకి మళ్ళీ పిటిషన్ వేశాం. ఈసారి కూడా సంతకం ఆయనదే, కమిటీలో అందరికీ మళ్ళీ బీపీలూ షుగర్లూ వచ్చాయి కాబట్టి. ఆర్డర్ వచ్చిన రోజు నేనే ఫోన్ చేశా.

"పర్మిషన్ వచ్చిందండి. కానీ పదమూడో షరతు ఒకటి పెట్టారు. పోయినేడు తోక పట్టుకున్న మనిషి ఈసారి బరి లోపలికి రాకూడదట. ఈ ఒక్క ఏడే కాదు. ఇంకెప్పుడూ."

  

"పన్నెండోది ఉంచారా?" అన్నాడు.

"ఉంచారండి."

"సరే మరి."

ఊళ్ళో పండగ చేసుకున్నారు. ఆయనొక్కడు బయట నిలబడితే అందరికీ పందెం ఉన్నట్టేగా. మళ్ళీ బెంచీ మీద ఆయన పక్కన జనం కూర్చున్నారట.

ఆ ఏడు కూడా వీడియోకి నేనే వెళ్ళా. ఆయన తాడుకి బయట, మజ్జిగ బండి పక్కన నిలబడి ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. లోపల పసుపు గిన్నె తమ్ముడి కొడుకు పట్టుకున్నాడు. జత దిగొచ్చాక చేతులు చూడ్డానికి కమిటీ వాళ్ళు ఒక మాస్టారు గారిని పెట్టారు. మొదటి జత తోలినవాళ్ళు మాస్టారు గారికి చేతులు చూపించారు. ఆయన "ఓకే" అన్నాడు. వాళ్ళు మామూలుగా ఎద్దుల దగ్గరికి వెళ్ళాలి. వెళ్ళలేదు. చేను అడ్డంగా నడిచి, మజ్జిగ బండి ఉన్న చోటికి వచ్చి, తాడు మీద నుంచి చేతులు బయటికి చాపారు.

పెద్దాయన చేతులు వెనక్కే ఉంచుకుని, కొంచెం ముందుకి వంగి చూశాడు. తలూపాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

రెండో జతా అంతే. మూడోదీ అంతే. మాస్టారు గారు విసుక్కుని, "ఇక్కడ నేనెందుకు మరి?" అంటున్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పెట్టించిన పన్నెండో షరతు కిందే పోయినేడు అవుటైన తువ్వాలు మనిషి కూడా వచ్చాడు. చేతులు చూపించి, అడక్కుండానే నోరు కూడా తెరిచాడు.

మధ్యలో నేను వెళ్ళి, "ఒక్కడుగు లోపలికొస్తే ఎవరు చూడొచ్చారండీ, కాస్త నీడలోకి రండి" అన్నా. బరి లోపల ఒక షామియానా ఉంది.

"నీ ఫోను చూస్తది," అన్నాడు. తాడు ఆయన పంచెకి ఒక జానెడు దూరంలో ఉంది. సాయంత్రం దాకా ఆ జానెడు అలాగే ఉంది.

తర్వాత నేను ఆ సీనియర్ దగ్గర మానేసి వేరే ఆఫీసుకి మారా. మొదట్లో ఆ రెండు రింగులు వచ్చేవి. తర్వాత తగ్గాయి. ఒకటి రెండుసార్లు నేను తిరిగి చెయ్యడం మర్చిపోయా. అదీ అంతే.

మొన్న మెస్‌లో ఆ లైవ్ చివరి దాకా చూశా. కొత్త పిల్లలు తోలుతున్నారు. బండ ఆగింది, విజిల్ పడింది. తోలిన ఇద్దరూ లోపల ఎవరికో చేతులు చూపించారు. తర్వాత చేను అడ్డంగా నడిచి తాడు దగ్గరికి వచ్చారు. కెమెరా తిప్పేవాడు కూడా అలవాటుగా వాళ్ళ వెనకే తిప్పాడు. ఇద్దరూ తాడు మీద నుంచి నాలుగు అరచేతులూ బయటికి చాపారు.

అక్కడిప్పుడు మజ్జిగ బండి అతనే ఉన్నాడు. ఎవరికో మజ్జిగ పోస్తున్నాడు. ఒక క్షణం కంగారుపడ్డాడు. గ్లాసు బండి మీద పెట్టేసి, చేతులు చొక్కాకి తుడుచుకుని వెనక్కి కట్టుకుని, కొంచెం ముందుకి వంగి చూశాడు. తలూపాడు.

వాళ్ళు వెళ్ళిపోయారు. అతను మళ్ళీ మజ్జిగ పోశాడు.